మోత్కూరు అంగడిలో రాజమణి గొంతు

మోత్కూరు సాలెవాడలో తెల్లవారగానే పడుగులు సాగదీసి గంజి పెట్టేవారు. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు పోగులు పరుచుకుని ఉండేవి. ఒక కొసన పోగు తెగితే రెండో కొసన ఉన్నవాళ్లకు ఆ క్షణమే చెప్పాలి. లేకపోతే వాళ్లు లాగుతూనే ఉంటారు, తెగినచోట ఇంకా చిక్కుపడుతుంది. ఆ చెప్పే పని రాజమణిది. ఆమె "ఆగుండ్రి!" అని ఒక్క కేక వేస్తే పడుగు పట్టుకున్నవాళ్లే కాదు, పక్క వీధిలో పోతున్న ఎడ్లబండి కూడా ఆగేదని వాడలో నవ్వుకునేవారు.

ఆ గొంతు ఆమెకు పుట్టుకతో వచ్చింది. పుట్టిల్లు దేవరకొండ దగ్గరి పల్లె. తండ్రి, అన్న మగ్గం గుంటలో కూర్చుంటే ఆ చప్పుడు మీదుగా మాట్లాడి మాట్లాడి చిన్నప్పుడే అది రాటుదేలింది. పెండ్లయి మోత్కూరు వచ్చేసరికి మాత్రం రోజులు బాగాలేవు. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. నలుగురు ఒక్కచోట నిలబడితే అనుమానం. గట్టిగా మాట్లాడితే ఎవరు విన్నారో అన్న భయం. అలాంటి రోజుల్లోనే ఒకసారి ఆమె పుట్టింటికి వెళ్లి ఉండగా, అన్న మల్లన్నను మిలిటరీ వాళ్లు మగ్గం మీద నుంచి లేపి తీసుకుపోయారు. దాక్కున్న దళం వాళ్లకు అన్నం పెట్టాడని ఎవరో అతని పేరు చెప్పారు, అదే నేరం. చాలా కాలానికి క్యాంపు నుంచి తిరిగొచ్చాడు గానీ, ఆ తర్వాత అడిగినదానికి తలూపడమే తప్ప నోరు విప్పి మాట్లాడింది తక్కువ.

అందుకే అత్త యాదమ్మ కోడలి గొంతు లేచినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి వీధి అటూ ఇటూ చూసేది.

"జర మెల్లగ మాట్లాడు పోరీ! ఇంట్ల ఉప్పు అయిపోయిన సంగతి ఊరంతటికి తెల్వాల్నా?"

రాజమణి మగడు వెంకటరాజం నెమ్మదైన మనిషి. నేత నేస్తూ తలెత్తకుండానే, "పోనీ అవ్వా, ఎవరో ఒకరు పంపిస్తరు ఉప్పు" అనేవాడు.

దేశం మారింది, ప్రభుత్వాలు మారాయి. మిలిటరీ వెళ్లిపోయింది. అయినా మోత్కూరులో పదిమంది ఒకచోట కూడాలంటే జాతరకో పెండ్లికో తప్ప వేరే కారణానికి ఎవరికీ ధైర్యం రాలేదు. ఆ పరిస్థితిలో, యాభై ఎనిమిదో సంవత్సరం చలికాలంలో, కల్లుగీసే కాటమయ్య ఒక సాయంత్రం సాలెవాడకు పరుగులాంటి నడకతో వచ్చాడు. తాటిచెట్లెక్కే మోకు ఇంకా భుజం మీదే ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"వెంకటరాజం అన్నా! నల్లగొండ వకీలు సారు ఒప్పుకున్నడు! మీటింగు ఖాయమైంది!"

"ఏం మీటింగు?" అని లోపలి నుంచి రాజమణి అడిగింది. చేతిలో కండె, ముందు రాట్నం.

"శాంతి సభ అక్కా. మానవ హక్కుల దినమట. పదేండ్ల కింద దేశదేశాలోళ్లందరు కూడి ఒప్పుకున్నరంట, మనిషికి గివి గివి హక్కులు ఉంటయని. గవి మనకు చెప్తడట సారు. మన అంగడి మైదానంలనే! సాలోళ్లు, గౌండ్లోళ్లు, రైతులు, కూలోళ్లు, హరిజనవాడోళ్లు, అందరు రావాలె. ఆడోళ్లు కూడ."

"ఆడోళ్లు కూడనా?" రాట్నం ఆగిపోయింది.

"భువనగిరి నుంచి బ్యాటరీ మైకు గూడ వస్తాంది!"

ఆ చివరి మాటే ఊరిని ఊపేసింది. హక్కుల సంగతి ఎంతమందికి అర్థమైందో గానీ, మైకు సంగతి మాత్రం చుట్టూ పల్లెలకు రెక్కలు కట్టుకుని పోయింది. సభ రోజున పొద్దు నడినెత్తికి రాకముందే బండ్లు రావడం మొదలైంది. జొన్నరొట్టెలు మూటగట్టుకుని, పిల్లలను చంకనెత్తుకుని ఆడవాళ్లు నడిచి వచ్చారు. అంగడి నాడు కూడా అంతమందిని ఆ మైదానం చూసి ఉండదు. సాలెవాడ వాళ్లు కొత్త నేత పంచెలు అంచులు కలిపి కుట్టి వేదికకు తెరలు కట్టారు. కాటమయ్య వాళ్లు తాటాకులతో పందిరి వేశారు. వెదురు బొంగుకు కట్టిన మైకు గొట్టం కింద మనుషులు తలలెత్తి నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

యాదమ్మ రానంటూనే మంచి చీర కట్టుకుంది. "నిన్ను ఒక్కదాన్నే తోలితే ఏం ఒర్రుతవో ఏమో" అని కోడలి వెంట నడిచింది. ఇద్దరూ మైదానం నడుమ, ఎడ్లు విప్పి నిలిపిన ఒక బండి పక్కన చోటు చూసుకున్నారు. వెంకటరాజం మగవాళ్ల వైపు కూర్చున్నాడు.

మైకులో ఒక పాట వచ్చింది. జనం ఈలలు వేశారు. రెండో పాట సగంలో గొట్టం గురగురమంది, సన్నగా ఏడ్చింది, ఆగిపోయింది. మైకు తెచ్చిన మనిషి బ్యాటరీని తట్టాడు, తీగలు పీకి మళ్లీ పెట్టాడు, చివరికి రెండు చేతులూ ఎత్తేశాడు.

వకీలు ధర్మయ్య వేదిక మీద లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు. పక్కన కుర్చీలో రామన్నపేట నుంచి వచ్చిన తహసీల్దారు. ధర్మయ్య మాట్లాడటం మొదలుపెట్టాడు గానీ ఆయన గొంతు మొదటి వరుసలు దాటలేదు.

"ఏమంటాండు?" "ఇనబడ్తలేదు!" "లే, పోదాం పా!"

వెనక ఉన్నవాళ్లు లేచి దులుపుకుంటున్నారు. కాటమయ్య చేతులు జోడించి అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. ఎన్ని రోజుల శ్రమ! ఇంతమంది మళ్లీ ఎప్పుడు కూడుతారు? రాజమణి లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అత్త వైపు చూసింది.

యాదమ్మ కోడలిని పైకీ కిందికీ చూసి, మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"నన్నేం జూస్తవే? ఇన్నేండ్లు నా చెవులు పలగ్గొట్టినవు గద! గిప్పుడేమైంది నీ గొంతుకు? ఎక్కు బండి!"

రాజమణి బండి ఎక్కింది. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఒక్కసారిగా అన్ని తలలూ కనిపించాయి. తలలకు చుట్టిన రంగురంగుల రుమాళ్లు, కొంగులు, మైదానం చివర తుమ్మచెట్ల దాకా మనుషులు.

"ఆగుండ్రి!" అంది.

మైదానం ఆగింది. పోతున్నవాళ్లు అడుగు తీయబోయి నిలబడిపోయారు. వేదిక మీద తహసీల్దారు ఉలిక్కిపడ్డాడు.

"కూసోండ్రి! సారు చెప్పిన మాట నేను చెప్త. వకీలు సారూ, మీరు చెప్పుండ్రి, ఒక్కొక్క మాట!"

ధర్మయ్య ఆమె వైపు చూసి చిరునవ్వు నవ్వి, "మానవులందరూ జన్మతః స్వతంత్రులు, గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానులు" అన్నాడు.

రాజమణి ఆ మాటను పట్టుకుని ఒక క్షణం నోట్లో తిప్పుకుంది. జన్మతః అనే మాట నాలుకకు అడ్డం పడింది. దాన్ని వదిలేసింది.

"పుట్టినోళ్లందరు ఒక్కటేనంట! ఎవ్వలు ఎవ్వలికి తక్కువ గాదంట!"

వెనక నుంచి చప్పట్లు! ముందు వరుసల్లో ఇదివరకే విన్నవాళ్లు కూడా కొట్టారు. ధర్మయ్య ఆ చప్పట్లు ఆగేదాకా నిలబడి, తనూ ఒకసారి కొట్టాడు. ఆ తర్వాత ఆయన మాటలు చిన్నవయ్యాయి, నల్లగొండ యాసలోకి దిగాయి. ఆయన ఒక మాట అనడం, ఆమె దాన్ని మైదానం చివరి దాకా విసరడం. విచారణ లేకుండా ఎవరినీ పట్టుకుపోకూడదని ఆయన అన్నప్పుడు రాజమణికి అన్న గుర్తొచ్చాడు. ఆ మాటను ఆమె చెప్పమనకుండానే రెండుసార్లు చెప్పింది. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పింది.

"ఎవ్వలితోని మెడలొంచి వెట్టి చేయించుకోవద్దు. అది నేరం" అన్నాడు ధర్మయ్య.

"ఎవ్వలితోని వెట్టి చేయించుకోవద్దంట! అది నేరమంట!"

ఈసారి చప్పట్లు రాలేదు. వెనక, తుమ్మచెట్ల దగ్గర కూర్చున్న గుంపులోంచి ఒక ఆడమనిషి లేచింది.

"గట్లయితే మా ఊర్ల ఇంక చేస్తనే ఉన్నం గదా!"

ఆ మాట వేదికకు చేరలేదు. నడుమ బండి మీద ఉన్న రాజమణికి చేరింది. ధర్మయ్య తర్వాతి మాట చెప్పబోతున్నాడు.

"సారూ, ఆగుండ్రి!" రాజమణి వెనక్కి తిరిగింది. "అక్కా, మల్ల చెప్పు!"

ఆమె చెప్పింది. రాజమణి వేదిక వైపు తిరిగి ఆ మాటలను అటు విసిరింది.

"తుమ్మలకుంట నుంచి ఒకామె అంటాంది! పటేలు ఇంట్ల పండుగొచ్చినా పెండ్లొచ్చినా వాళ్ల వాడంత పోయి ఊకనే పని చెయ్యాల్నంట! సర్కారు తవ్వించిన బాయి కాడికి వాళ్లను రానిస్తలేరంట! వాగు ఇసుకల తవ్విన చెలిమె నీళ్లే తాగుతున్నరంట!"

మైదానమంతా ఆ వైపు తిరిగింది. వేదిక పక్కన తెల్ల తలపాగా చుట్టుకున్న ఒక బలమైన మనిషి నిలబడి ఉన్నాడు. తుమ్మలకుంట పటేలు దగ్గర పనులు చూసే కిష్టయ్య. అతను చెయ్యెత్తి అరిచాడు.

"ఎవతె అది? పేరు చెప్పమను!"

రాజమణి నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. ఆ పేరు తన నోట వెళ్తే రేపు ఆ మనిషికి ఏమవుతుంది? పేరు చెప్పినందుకు ఏమవుతుందో ఆమె తన పుట్టింట్లోనే చూసింది. బండి దిగి ఆమె దగ్గరికి నడిచి, గొంతు తగ్గించి, చాలా మెల్లగా అడిగింది.

"అక్కా, నీ పేరు చెప్పాల్నా వద్దా?"

ఆ మనిషి కొంగు నడుముకు చుట్టుకుంది. అటూ ఇటూ ఉన్న తనవాళ్లను చూసింది.

"చెప్పు తల్లీ. సత్తమ్మ అని చెప్పు. నర్సయ్య పెండ్లాం సత్తమ్మ."

"సత్తమ్మ!" మళ్లీ బండెక్కిన రాజమణి అంత గట్టిగా జీవితంలో ఎన్నడూ అరవలేదు. "తుమ్మలకుంట సత్తమ్మ!"

సత్తమ్మ పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. "నా పేరు గూడ చెప్పు!" "నాది గూడ!" ముసలివాళ్లు, నడివయసు ఆడవాళ్లు, మగవాళ్లు. వాళ్ల పేర్లు రాజమణి నోట ఒకదాని వెంట ఒకటి మోగాయి. ప్రతి పేరుకూ మైదానం చప్పట్లు కొట్టింది. సాలెవాడ కొట్టింది, గౌండ్లవాళ్లు కొట్టారు, వెంకటరాజం లేచి నిలబడి కొట్టాడు. కిష్టయ్య ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలపాగా సర్దుకున్నాడు.

ఇక తహసీల్దారు లేవక తప్పలేదు. గొంతు సవరించుకుని, అంటరానితనం నేరమని చట్టం వచ్చి మూడేండ్లయిందని, బావి అందరిదని, తాను వచ్చి విచారిస్తానని అన్నాడు.

"తహసీల్దారు సారు వస్తడంట!" అంది రాజమణి. ఒక్క ఊపిరి తీసుకుంది. "రేపే వస్తడంట! పొద్దుగాలనే వస్తడంట! బాయి కాడికే వస్తడంట! అందరు ఇన్నరా?"

"ఇన్నం!" అని మైదానం ఉరిమింది.

తహసీల్దారు ధర్మయ్య వైపు చూశాడు. ధర్మయ్య పందిరి తాటాకులను ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. చివరికి తహసీల్దారుకే నవ్వొచ్చింది. "వస్తా" అన్నాడు.

మర్నాడు పొద్దున మంచు విడవకముందే తుమ్మలకుంట బాటంతా జనం. రమ్మని ఎవరూ పిలవలేదు, అందరూ వచ్చారు. కాటమయ్య వాళ్లు మోకులు భుజాన వేసుకునే వచ్చారు గానీ ఆ పూట చెట్లెక్కలేదు. సాలెవాడలో మగ్గాలు మోగలేదు. ధర్మయ్య బస్సు మానుకుని బండిలో వచ్చాడు. యాదమ్మ కూడా బయలుదేరింది. ఎందుకని అడిగితే, "ఎట్లయితదో చూడొద్దా?" అంది.

తుమ్మలకుంట చేదబావి ఊరి నడుమ ఉంది. తీరా వెళ్లి చూస్తే బావి చుట్టూ తుమ్మకంప అడ్డంగా వేసి ఉంది. బొక్కెన లేదు, తాడు లేదు. కంప అవతల పటేలు మనుషులు పది పన్నెండుమంది కట్టెలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. అది చూసి ఇవతల కుర్రవాళ్లకు రక్తం మరిగింది. కొందరు కంపలోంచి కట్టెలు లాగారు. కొందరు రాళ్ల కోసం వంగారు.

"వద్దు!" రాజమణి కేక పడింది. ఆమె పరుగున వచ్చి రెండు వైపుల నడుమ నిలబడింది. "నిన్న ఏం మీటింగు? శాంతి మీటింగు! మనం కొట్లాటకు రాలే, నీళ్లకొచ్చినం. కూసోండ్రి! అందరు కూసోండ్రి!"

మొదట సత్తమ్మ కూర్చుంది, తన ఖాళీ కుండ ఒళ్లో పెట్టుకుని. ధర్మయ్య పంచె ఎగ్గట్టి మట్టిలోనే కూర్చున్నాడు. ఆ తర్వాత బాట పొడుగునా జనం కూర్చున్నారు. అంతమంది నేల మీద కూర్చుని కళ్లప్పగించి చూస్తుంటే కట్టెలు పట్టుకుని నిలబడినవాళ్లకు ఏం చేయాలో తోచలేదు. ఒకడు కట్టెను వెనక్కి దాచుకున్నాడు. ఇంకొకడికి కూర్చున్నవాళ్లలో మేనత్త కనబడింది. "ఒరేయ్ భిక్షపతీ, నువ్వేందిరా ఆడ?" అని ఆమె అడిగేసరికి అతను తల దించుకుని ఇవతలకు వచ్చేశాడు. జనంలో నవ్వులు లేచాయి.

పొద్దెక్కాక జీపు చప్పుడు వినిపించింది. తహసీల్దారు మాట నిలబెట్టుకున్నాడు. దిగీదిగగానే కంప వైపు చూపించి, "తీయండి" అన్నాడు. ఆయన జవానులు అడుగు వేయకముందే కాటమయ్య, వెంకటరాజం, భిక్షపతి కలిసి కంపను ఈడ్చి పారేశారు. మోకులు రెండు ముడివేసి కాటమయ్య తాడు చేశాడు. ఎవరో బొక్కెన తెచ్చారు.

సత్తమ్మ గిరక మీద తాడు వేసింది. మెల్లగా తాడు వదిలింది. బొక్కెన దిగుతున్న చప్పుడు, నీళ్లు తాకిన చప్పుడు, మళ్లీ గిరక కిర్రుమంటూ పైకి లాగుతున్న చప్పుడు. అంతమంది ఊపిరి బిగబట్టి విన్నారు. నిండు బొక్కెన గట్టు మీదికి వచ్చింది. సత్తమ్మ నీళ్లు కుండలోకి వంచి, ఇంక ఏం చేయాలో తెలియనట్టు అందరి ముఖాలూ చూస్తూ నిలబడిపోయింది.

జనంలోంచి యాదమ్మ లేచింది. ఆమె జీవితమంతా వేరే వాడవాళ్ల చేతి నీళ్లు ముట్టని మనిషి. రాజమణి ఒక అడుగు ముందుకు వేసింది. అత్త ఇప్పుడు ఏమంటుందో!

యాదమ్మ నేరుగా గట్టు దగ్గరకు నడిచి, దోసిలి పట్టి వంగింది.

"ఎంతసేపు నిలబడ్తవు బిడ్డా? గింత దూరం నడిచొచ్చి ఎండల కూసున్న. నోరు ఎండుకపోతాంది, పొయ్యి!"

సత్తమ్మ పోసింది. యాదమ్మ గటగటా తాగి, తడిచేతులతో ముఖం తుడుచుకుని, "సల్లగున్నయి" అంది. అంతే, జనం బావి మీదికి ఎగబడ్డారు. దోసిళ్లు, చెంబులు, కుండలు! ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు. తహసీల్దారు చొక్కా తడిసింది. రాజమణి నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు. ఆమె కేకలు మాత్రం ఊరి చివరి దాకా వినిపించాయి.

ఆ ఏడు పటేలు ఇంట పెండ్లికి సత్తమ్మ వాడ నుంచి ఎవరూ వెళ్లలేదు. పటేలు కొంతకాలం అలిగాడు, కొంతకాలం బెదిరించాడు. పొలాల్లో పని ఆగిపోయేసరికి కూలి ఇచ్చి పిలిపించుకున్నాడు. తుమ్మలకుంటలో అన్నీ ఒక్కనాడే మారలేదు. పటేలు ఇంటి ఆడవాళ్లు చాలా రోజులు ఆ బావికి రాలేదు. సత్తమ్మ వాళ్లు మాత్రం మళ్లీ వాగు చెలిమె వైపు వెళ్లలేదు.

ఆ తర్వాత రాజమణికి తీరిక లేకుండా పోయింది. ఎక్కడ శాంతి సభ పెట్టినా, హక్కుల మీటింగు పెట్టినా, "మోత్కూరు రాజమణి వస్తదా?" అని కబురు వచ్చేది. దేవరకొండలో కోట కింద జరిగిన సభకు అన్న మల్లన్న కూడా వచ్చాడు. చెల్లెలు బండి మీద నిలబడి మాట్లాడుతుంటే చివరిదాకా నిలబడే విన్నాడు. సభ అయ్యాక దగ్గరకొచ్చి, "మా చెల్లె" అని పక్కవాళ్లకు చెప్పాడు. ఆ ఒక్క మాటకు రాజమణి బస్సు ఎక్కేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఊళ్లు తిరిగినన్నాళ్లూ ఆమె వెంట వెంకటరాజం వెళ్లేవాడు, ఆమె గొంతు కోసం మిరియాలూ బెల్లమూ కలిపిన ఉండలు సంచిలో వేసుకుని. యాదమ్మ ఇంట్లో రాట్నం వడుకుతూ కోడలు రాగానే సంగతులన్నీ మొదటి నుంచి చెప్పించుకునేది.

అరవైలు సగం గడిచేసరికి మంచి మైకులు వచ్చాయి. కోస్గిలో పెద్ద సభ పెట్టి ఆమెను పిలిచినప్పుడు, వేదికకు నాలుగు వైపులా నాలుగు గొట్టాలు మోగుతున్నాయి. ఇక తనతో ఏం పని అనుకుంటూ రాజమణి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. సభ మొదలుపెట్టిన శ్యామలమ్మ అనే పంతులమ్మ ఆమెను వేదిక మీదికి పిలిచింది.

"ఇన్నేండ్లు అందరి మాటలు చెప్పినవు గద అక్కా. ఇయ్యాల నీ మాట చెప్పు."

రాజమణి చుట్టూ చూసింది. వేలమంది ముందు ఎన్నోసార్లు నిలబడింది గానీ తన సొంత మాట ఎన్నడూ చెప్పలేదు. మైకు ముందు నిలబడి, కొంగు సర్దుకుంది.

"నా పేరు రాజమణి. మాది మోత్కూరు. నేను కండెలు చుట్టుత. నాకు చదువు రాదు. మా అన్నను పట్టుకపోయిన నాడు నేను ఇంట్లకు ఉరికి తలుపేసుకున్న. ఏడ్వలే, అరవలే. భయపడ్డ. అట్ల భయపడుడు మల్ల ఏ ఆడపిల్లకు రావద్దు. గందుకే తిరుగుతున్న."

అంతే అని దండం పెట్టింది. దిగబోతుంటే ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు; ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. వాళ్లలో ఒకామె, నర్సింగమ్మ, చెయ్యి వదలకుండా ఆమెనూ వెంకటరాజాన్నీ తన ఇంటికి తీసుకుపోయింది. వేడివేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. వాళ్లు తిరిగి పోయే బస్సు వచ్చేదాకా ఆ ఇంటి అరుగు మీద కోస్గి ఆడవాళ్లు వాళ్ల ఊళ్లో వచ్చే నెల పెట్టబోయే మీటింగు గురించి, ఎవరు ఎవరిని పిలుచుకురావాలో, ఎక్కడ పందిరి వేయాలో, అందరూ ఒక్కసారే మాట్లాడారు. వాళ్ల మధ్య రాజమణి రొట్టె తుంచుకుంటూ ఆనందంగా వింటూ కూర్చుంది.